పక్కింటామె

ఉగాదికి ముందొచ్చే కొత్తమాస నాడు అనకాపల్లి గవరపాలెం వీధులన్నీ నూకాలమ్మ జాతరకొచ్చిన జనంతో కిటకిటలాడుతున్నాయి. ఆ మధ్యాహ్నం ధనశ్రీ ఇంటికి ఇద్దరు స్నేహితులు వచ్చారు, దివ్య, నితీష్. ఇద్దరిదీ విశాఖపట్నమే. ముగ్గురూ అక్కడి యూనివర్సిటీలో బీఎస్సీ సైకాలజీ రెండో ఏడు చదువుతున్నారు. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చే ధనశ్రీ, తోటివాళ్ళని ఇంటికి పిలవడం అదే మొదటిసారి.

వాళ్ళొస్తున్నారని వారం ముందే ముందుగది కిటికీకి కొత్త కర్టెన్ కట్టింది. మూల పేర్చిన ఎరువు బస్తాలు నాన్న పరదేశి చేత పెరట్లోకి మార్పించింది. మేనత్త కాసులమ్మ సంగతి మాత్రం ఏం చెయ్యాలో ఆమెకి తోచలేదు.

కాసులమ్మ పరదేశికి అక్క. పెళ్ళైన నాలుగేళ్ళకే భర్త పోతే తమ్ముడి దగ్గరికి వచ్చేసింది. పరదేశీ, భార్య బంగారుతల్లీ పొద్దున్నే చెరుకు తోటకి వెళ్ళిపోతే ధనశ్రీని పెంచింది ఆమే. నీళ్ళు పోసింది, జడలు వేసింది, బడి దాకా చెయ్యి పట్టుకుని నడిపించింది. ఎనిమిదో తరగతి దాకా ధనశ్రీ ఆమె పక్కలోనే పడుకునేది.

ఫిబ్రవరిలో ఒక పొద్దున్న కాసులమ్మ చేతిలోంచి నీళ్ళ బిందె జారిపోయింది. నోరు కొంచెం వంకరపోయింది. వీధి చివర ఆర్‌ఎంపీ డాక్టరు వచ్చి చూసి, బీపీ పెరిగిందన్నాడు. ఇంజక్షన్ చేసి మాత్రలిచ్చాడు. నాలుగు రోజుల్లో నోరు సర్దుకుంది, చెయ్యి ఆడింది. గండం గడిచిందనుకున్నారు. ఆ నాలుగు రోజులూ ధనశ్రీ అదే గదిలో గోడకానుకుని కూర్చుని మెదడు బొమ్మలు వేసుకుంది. న్యూరోసైన్స్ పరిచయం అనే పేపరు ఆ సెమిస్టర్‌లోనే మొదలైంది. నుదుటి వెనక భాగానికి నీలం రంగు, నడినెత్తి దగ్గర పరైటల్ లోబ్‌కి పసుపు. ఇంటర్నల్ పరీక్షలో ఇరవైకి పద్దెనిమిది వచ్చాయి.

అప్పట్నుంచి కాసులమ్మ తీరు మారిపోయింది. కంచంలో సగం అన్నం వదిలేసేది. వదిలేసి, "ఇంకొంచెం ఎయ్యే, కడుపు నిండలేదు" అనేది. గుమ్మాలకి గుద్దుకునేది. ఒక్కోసారి ఎంత పిలిచినా పలికేది కాదు. తన వంటకి వంక పెట్టడానికే వదిన కూర వదిలేస్తోందని బంగారుతల్లి మనసు కష్టపెట్టుకుంది. "కళ్ళు నెత్తికెక్కేయేటి అప్పా" అని పరదేశి ఒకట్రెండుసార్లు కసిరాడు. ధనశ్రీకైతే ఆమెది వట్టి మంకుతనం అనిపించేది. ఏం చెప్పినా తలూపడం, మళ్ళీ అదే చెయ్యడం.

కొత్తమాస నాడు అమ్మా నాన్నా అమ్మవారి గుడి దగ్గర క్యూలో ఉన్నారు. ధనశ్రీ చాప పరిచి, స్నేహితులకి ఆకులు వేసింది. అప్పుడు లోపల్నుంచి కాసులమ్మ గారెల పళ్ళెం పట్టుకుని వచ్చింది.

పిల్లలొస్తున్నారని ఆమె కూడా తయారైంది. మొహానికి కుడివైపు మాత్రం తెల్లగా పౌడరు. కుడికంటికే కాటుక. జుట్టు కుడివైపు నున్నగా దువ్వి ఉంది, ఎడమవైపు రేగి చెవి మీద పడుతోంది. ఆకుపచ్చ చీర పైట ఎడమ భుజం మీంచి జారి నేలమీద ఈడుస్తోంది. అదేమీ తెలియనట్టు ఆమె నవ్వుతోంది.

"తినండి నాయినా, తినండి" అంటూ కుడిపక్కనున్న దివ్య ఆకులో రెండు గారెలు వేసింది. కాసేపాగి మళ్ళీ రెండు వేసింది. ఎడమపక్కన కూర్చున్న నితీష్ ఆకు ఖాళీగానే ఉంది. ఆమె మూడోసారి కూడా దివ్య ఆకులోనే వేసి, పళ్ళెం పట్టుకుని నిలబడింది.

"ఆంటీకి నా మీద కోపమేమో" అన్నాడు నితీష్ నవ్వుతూ.

దివ్య నవ్వలేదు. "ఎవరు?" అని మెల్లిగా అడిగింది.

ధనశ్రీకి చెవులు వేడెక్కిపోయాయి. అత్తకి ఎడమవైపున నిలబడి, గొంతు తగ్గించి, యూనివర్సిటీలో మాట్లాడే పట్నం యాసలో, "పక్కింటామె. కొంచెం మెంటల్. పండగ కదా, అమ్మ రానిస్తుంది" అంది.

కాసులమ్మ తిరగలేదు. పళ్ళెం కింద పెట్టి, గుమ్మానికి భుజం కొట్టుకుని, లోపలికి వెళ్ళిపోయింది. వినబడలేదులే అనుకుంది ధనశ్రీ. ఆ సాయంత్రం స్నేహితుల్ని బస్సెక్కించి వచ్చి, అత్త మొహం వైపు చూడకుండానే అన్నం తిని పడుకుంది.

రెండు వారాల తర్వాత ఒక సోమవారం, ధర్మేంద్ర సార్ క్లాసులో తెర మీద ఒక గడియారం బొమ్మ చూపించారు. ఎవరో రోగి వేసింది. పన్నెండు అంకెలూ కుడివైపునే ఒకదాని మీద ఒకటి ఇరుక్కుని ఉన్నాయి. ఎడమ సగం ఖాళీ. తర్వాత ఒక పువ్వు, కుడివైపు రేకులు మాత్రమే. తర్వాత ఒక మగమనిషి ఫోటో, కుడి చెంప నున్నగా గీసుకున్నాడు, ఎడమ చెంప మీద గడ్డం అలాగే ఉంది. క్లాసంతా నవ్వింది. ధనశ్రీ కూడా నవ్వింది.

"నవ్వు రావడం సహజమే" అన్నారు సార్. "ఇతని కళ్ళు బాగానే ఉన్నాయి. లోపం చూపులో లేదు. మెదడు కుడివైపు, పరైటల్ లోబ్ ప్రాంతానికి రక్తం అందక దెబ్బతింది. దాంతో ఎడమవైపు అనేది ఒకటి ఉందన్న ధ్యాసే పోయింది. కంచంలో ఎడమవైపు అన్నం ఉంటుంది, ఆకలి ఉంటుంది, అయినా తినడు. ఎడమవైపు నుంచి పిలిస్తే కుడివైపు వెతుకుతాడు. తనకేదో తక్కువైందని కూడా అతనికి తెలీదు. అందుకే చాలా ఇళ్ళల్లో ఇది జబ్బని గుర్తుపట్టరు. మొండితనం అనుకుంటారు, చాదస్తం అనుకుంటారు. తిడతారు."

తర్వాతి స్లైడులో ఒక కంచం ఉంది. నడిమికి గీత గీసినట్టు సగం తిని, సగం వదిలేసిన అన్నం.

ధనశ్రీ నవ్వు ఆగిపోయింది. ఆ కంచాన్ని రెండు నెలలుగా రోజూ తనే తీసి కడుగుతోంది.

పక్కన కూర్చున్న దివ్య ఆమె వైపు తిరిగింది. కాసేపు చూసి, చెయ్యెత్తి, "సార్, ధనశ్రీ వాళ్ళ ఊళ్ళో ఒకామెని చూశాం. ఇలాగే ఉన్నారు" అంది. ధనశ్రీని మోచేత్తో తాకి, "నువ్వే చెప్పు" అంది.

అందరూ తిరిగి చూశారు. "ఎవరమ్మా, మీకు తెలిసినవాళ్ళా?" అని అడిగారు సార్.

ధనశ్రీ లేచి నిలబడింది. 'మా అత్త సార్' అన్న మాట గొంతు దాకా వచ్చింది. ఆ మాట అంటే కొత్తమాస నాటి మాట బయటపడుతుంది. "పక్కింటామె సార్" అంది.

"ఎన్నాళ్ళైంది?"

"ఫిబ్రవరి నుంచి సార్."

సార్ మొహం మారింది. "అది స్ట్రోక్ అయ్యుంటుంది. రెండోది వస్తే ప్రాణానికే ప్రమాదం. వాళ్ళింట్లో వాళ్ళకి ఈ రోజే చెప్పు. వాళ్ళకి తెలీకపోవచ్చు, నీకు తెలుసు కదా."

"చెప్తాను సార్" అని కూర్చుంది. ఆ తర్వాత సార్ చెప్పిందేదీ ఆమె చెవికెక్కలేదు. నోట్సు పేజీలో తేదీ మాత్రం ఉంది.

ఇల్లు చేరేసరికి కాసులమ్మ వీధి అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. చేటలో కుడివైపు బియ్యం శుభ్రంగా ఉన్నాయి, ఎడమవైపు వడ్లూ రాళ్ళూ అలాగే ఉన్నాయి. ధనశ్రీ నోట్‌బుక్‌లోంచి ఒక కాగితం చింపి, దాని నిండా చిన్న చిన్న గీతలు గీసి, పెన్నుతో పాటు ఆమె ముందు పెట్టింది.

"అత్తా, ఈ గీతలన్నిటినీ ఒక్కోటీ కొట్టెయ్."

"ఏటే ఇది, పరీచ్చా?" అని నవ్వి, కాసులమ్మ శ్రద్ధగా కొట్టడం మొదలుపెట్టింది. మూడో తరగతి దాకా చదువుకుంది. పెన్ను పట్టుకున్నప్పుడల్లా ఆమెకి కొంచెం గర్వం. కుడివైపు గీతలన్నీ కొట్టేసి పెన్ను కింద పెట్టింది.

"అన్నీ అయిపోయాయా?"

"అయిపోనాయి. సూసుకో."

ధనశ్రీ కాగితాన్ని తలకిందులుగా తిప్పింది. ఎడమవైపు మిగిలిన గీతలు కుడివైపుకి వచ్చాయి. కాసులమ్మ వాటిని తేరిపార చూసింది. "ఇయ్యెక్కడివే? ఇప్పుడు గీసేవా?"

"లేదత్తా. ఇందాకట్నుంచీ ఉన్నాయి."

కాసులమ్మ కాగితం వైపు, మేనకోడలి వైపు మార్చి మార్చి చూసింది. ఆమె కళ్ళల్లో మొదటిసారి భయం కనిపించింది.

ఆ రాత్రి ధనశ్రీ జబ్బు సంగతి చెప్తే, మర్నాడే పరదేశి అక్కని విశాఖ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. ధనశ్రీ కూడా వెళ్ళింది. స్కానింగ్ తీశారు. మెదడు కుడివైపు దెబ్బతిన్న చోటుని డాక్టరమ్మ వేలితో చూపించింది. పుస్తకంలో తను పసుపు రంగు వేసిన చోటు అదేనని ధనశ్రీకి వెంటనే తెలిసింది.

"రెండు నెలలైందా? మొదటి గంటల్లో తెచ్చుంటే మందు వేరేగా ఉండేది" అంది డాక్టరమ్మ. "ఇప్పుడు మళ్ళీ రాకుండా చూసుకోవాలి. బీపీ మాత్రలు ఒక్కపూట కూడా మానకూడదు. మిగతాది సాధన. ఎడమవైపు కూర్చుని మాట్లాడండి. తల తిప్పి వెతకడం నేర్పండి. ఇంతకీ ఎవరు గుర్తుపట్టారు?"

పరదేశి కూతురి భుజం మీద చెయ్యి వేశాడు. "మా గుంటే మేడంగారూ. మెదడు సదువే సదువుతంది. ఇదే కనిపెట్టింది."

డాక్టరమ్మ ధనశ్రీ వైపు చూసి మెచ్చుకోలుగా తలూపింది. ధనశ్రీ తలొంచుకుంది. సిగ్గరి పిల్ల అనుకుని ఉంటుందామె.

ఆ వారమంతా పరదేశి కనబడిన వాళ్ళందరికీ అదే చెప్పాడు. టీ కొట్టు దగ్గర చెప్పాడు, తోటలో కూలీలకి చెప్పాడు, బెల్లం మార్కెట్లో చెప్పాడు. "పెద్ద పెద్దోళ్ళకి తెలవలేదు బావా, మా పాప ఒక కాయితం మీద గీతలు గీసి కనిపెట్టేసింది." వీధిలో వాళ్ళు ధనశ్రీని ఆపి మరీ మెచ్చుకున్నారు. ఒకాయన తన తలనొప్పి సంగతి అడిగాడు. ఒక్కో మెప్పూ వింటుంటే ఆమెకి ఒంటి మీద బట్టలు లేనట్టుగా ఉండేది. నాన్నని ఆపాలంటే కారణం చెప్పాలి. చెప్పడానికి ధైర్యం లేదు.

పక్కింట్లో ఉండేది మరిడమ్మ ఒక్కతే. అరవై దాటినామె, ఎవరి జోలికీ పోదు. ఒక సాయంత్రం గోడవతల బట్టలు తీస్తూ ఆమె ధనశ్రీని పిలిచింది.

"అమ్మీ, మీ అత్తకి మందులు పన్సేత్తన్నాయా?"

"చేస్తున్నాయి పిన్నీ."

మరిడమ్మ చీర మడతపెడుతూ, పెద్దగా కోపమేమీ లేకుండా చెప్పింది. "కొత్తమాస మర్నాడు మీ అత్త మా ఇంటికొచ్చింది. 'ఒలే మరిడీ, నీకు మతి బాగుండటం లేదటే, మా పాప వోళ్ళ నేస్తులతో అంటంటే ఇన్నాను, పక్కింటామె మెంటలని. ఏటైనాదే నీకు, నాకొక్క మాట సెప్పలేదేటి' అని నా సెయ్యట్టుకుని ఏడిసింది. నాకేటీ అర్తం కాలేదు. ఎదురుగా సూత్తే సగం మొకానికి పౌడరు, నిన్నటిది కాబోలు, అలాగే ఉంది. అప్పుడు అర్తమైంది నాకు. 'నాకేటీ లేదే కాసులూ, బాగానే ఉన్నాను' అని కాఫీ ఇచ్చి పంపించేను."

మడత పెట్టిన చీర చంకన పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. తలుపు మూసిన చప్పుడు విన్నాక కూడా ధనశ్రీ గోడ పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. అత్తకి ఆ మాట వినబడింది. వినబడి, అది తన గురించని ఆమెకి తట్టనేలేదు. తను పెంచిన పిల్ల తనని పక్కింటామె అంటుందని ఆమె ఊహకి కూడా రాలేదు. నిజంగానే పక్కింటామెకి జబ్బు చేసిందనుకుని, వెళ్ళి పలకరించి వచ్చింది.

మర్నాడు ఆదివారం. అమ్మా నాన్నా తోటకి వెళ్ళాక ధనశ్రీ అత్త ఎడమపక్కన కూర్చుంది. డాక్టరమ్మ చెప్పిన సాధన మొదలుపెట్టాలి. కాసులమ్మ ఎడమచేతికి ఎర్ర రిబ్బను కట్టి, తల తిప్పి దాన్ని వెతకమంది. రెండుసార్లు కాసులమ్మ కుడివైపే వెతికింది. మూడోసారి మెల్లిగా మెడ తిప్పి, రిబ్బను చూసి, ఆ తర్వాత ధనశ్రీని చూసి, "ఇక్కడున్నావేటి" అంది.

"అత్తా, నీకొకటి చెప్పాలి" అంది ధనశ్రీ. "కొత్తమాస నాడు నేను పక్కింటామె అన్నది మరిడమ్మ పిన్నిని కాదు. నిన్నే."

కాసులమ్మకి వెంటనే అర్థం కాలేదు. "నన్నేటి? నాను పక్కింటామెనేటి?"

"దివ్య ఎవరని అడిగింది. మా అత్త అని చెప్పలేకపోయాను. నువ్వు ఆ రోజు... సగం మొహానికే పౌడరు రాసుకున్నావు. సగం జుట్టే దువ్వుకున్నావు. వాళ్ళు నవ్వుతారని నాకు సిగ్గేసింది. క్లాసులో సార్ అడిగినప్పుడు కూడా అలాగే చెప్పాను. అప్పటికి నీది జబ్బని తెలుసు కూడా."

ధనశ్రీ ఏడవకూడదని పళ్ళు బిగించుకుంది. ఏడిస్తే అత్త ఓదారుస్తుంది, దాంతో సరిపోతుంది. అది వద్దనుకుంది.

"మరిడి దగ్గిరకెల్లి అడిగేను కదే" అంది చివరికి కాసులమ్మ. "అదేటనుకుందో."

"ఏమీ అనుకోలేదత్తా."

"అనుకోదేటి." చేతిలో రిబ్బను కొసని వేళ్ళకి చుట్టుకుంది. "సగం మొకానికా?"

"అవును."

"ఆ రోజల్లా అలాగే తిరిగేనా?"

ధనశ్రీ తలూపింది.

"నాకు తెలవలేదు. నీకు కనబడింది కదే. లోపలికి పిలిసి, తువ్వాలుతో ఒక్కసారి మొకం తుడిసేత్తే సరిపోను కదా. నీకెన్నిసార్లు తుడవలేదు నాను?"

కాసులమ్మ లేచి, గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్ళింది. రెండు రోజులు అవసరానికి తప్ప మాట్లాడలేదు. కోపమని కూడా అనిపించలేదు. మంచినీళ్ళిస్తే తీసుకునేది. మాత్రలిస్తే వేసుకునేది. తలదువ్వుతానంటే మాత్రం, "మీ అమ్మ దువ్వుతాదిలే" అనేది.

బుధవారం యూనివర్సిటీలో ధనశ్రీ దివ్యని చెట్టు కింద బెంచీ దగ్గరికి తీసుకెళ్ళి నిజం చెప్పింది. దివ్య ఆశ్చర్యపోలేదు.

"నాకు ఆ రోజే తెలుసు. మీ ముందుగదిలో చిన్నప్పటి ఫోటో ఉంది. నిన్ను ఎత్తుకున్నది ఆవిడే కదా. క్లాసులో నువ్వే చెప్తావని చెయ్యెత్తాను. మళ్ళీ పక్కింటామె అన్నావు." దివ్య బ్యాగు భుజానికి తగిలించుకుంది. "మా ఇంట్లో నాకూ కొన్ని విషయాలు సిగ్గుగానే ఉంటాయి. కానీ నువ్వన్న మాట నేను అంటానా అని ఆలోచిస్తున్నాను. నాకు తెలీదు."

ఆ తర్వాత చాన్నాళ్ళు దివ్య బస్టాపు దాకా ఆమెతో నడవలేదు.

ధర్మేంద్ర సార్‌కి చెప్పడం ఇంకా కష్టమైంది. స్టాఫ్ రూం గుమ్మం దగ్గర రెండుసార్లు వెనక్కి తిరిగి, మూడోసారి లోపలికి వెళ్ళింది. సార్ విని, ముందు కాసులమ్మ ఆరోగ్యం సంగతి అడిగారు. "పుస్తకంలో చదివిన జబ్బు వేరు, ఇంట్లో మనిషికొచ్చిన జబ్బు వేరు. నేనూ మా నాన్నగారి మతిమరుపుని ఏడాది పాటు బద్ధకం అనుకున్నాను. అప్పటికే నేను పాఠాలు చెప్తున్నాను" అన్నారు. ఆ మాటతో బరువు తగ్గుతుందేమో అనుకుంది. తగ్గలేదు. సార్ తెలియక పొరబడ్డారు. తను తెలిసి అంది.

ఇంట్లో ఇంక చెప్పాల్సింది నాన్నకే. ఆ సాయంత్రం పరదేశి కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చుంటే, ధనశ్రీ మొత్తం చెప్పేసింది. లోపల బియ్యం కడుగుతున్న బంగారుతల్లి చెయ్యి ఆపేసి వింది. పరదేశి తువ్వాలుతో మొహం తుడుచుకుని, మళ్ళీ తుడుచుకున్నాడు.

"నానూ అన్నాను" అన్నాడు. "కళ్ళు నెత్తికెక్కేయా అన్నాను. మీ అమ్మా ఏటో ఒకటి అంది. మాకు సదువు లేదు." ఆ చివరి మాట కూతుర్ని పొడవడానికి అనలేదు. అయినా అది గుచ్చుకుంది. "సరేలే" అని లేచి లోపలికి వెళ్ళి, అక్క ఎడమపక్కన కూర్చుని, ఏవో తోట సంగతులు చెప్పడం మొదలుపెట్టాడు.

ఆ రోజు నుంచి పరదేశి 'మా పాపే కనిపెట్టింది' అనడం మానేశాడు. ఎవరైనా అడిగితే "ఆసుపత్రోళ్ళు సూసేరు" అంటాడు. ధనశ్రీ ఆ మాట మొదటిసారి విన్నప్పుడు అన్నం తినలేకపోయింది. మెచ్చుకుంటుంటే భరించలేకపోయింది, మానేస్తే అదీ భరించలేకపోయింది.

ఆగస్టు వచ్చేసరికి కాసులమ్మ కంచంలో ఒక పిడికెడు తప్ప మిగల్చడం లేదు. ఎడమవైపు తల తిప్పాలని ఆమె తనకి తనే చెప్పుకుంటుంది, "ఇటేపు, ఇటేపు" అని పైకే గొణుక్కుంటుంది. రోడ్డు దాటేటప్పుడు మాత్రం ఇంకా ఎవరో ఒకరు పక్కనుండాలి. మరిడమ్మ ఇంటికి రోజూ సాయంత్రం వెళ్తుంది. ఇద్దరూ ఏం మాట్లాడుకుంటారో ధనశ్రీ అడగదు.

బస్సు టైముకి ముందు పొద్దున్న అరగంట ధనశ్రీ అత్త ఎడమపక్కన కూర్చుంటుంది. జడ వేయించుకోవడానికి కాసులమ్మ ఇప్పుడు ఒప్పుకుంటోంది. వేయించుకుంటూ ఒక్కోరోజు పాత కబుర్లు చెప్తుంది. ఒక్కోరోజు ఏమీ మాట్లాడదు, పిలిచినా తిరగదు. జబ్బు వల్ల వినబడలేదో, వినబడీ తిరగాలనిపించలేదో ధనశ్రీకి తెలీదు. అలాంటప్పుడు రెండోసారి పిలవదు. దువ్వెన పట్టుకుని, అత్త తనంతట తాను తల తిప్పే దాకా కూర్చుంటుంది. అప్పుడప్పుడు బస్సు తప్పిపోతుంది.